మంట, మర, ఇనుము: ఉమ్మడి షెడ్డులో తొలి శిల్పం కట్టే వరస

మంటతో వెలిగి మోటారుతో కదిలే ఇనుప బొమ్మ చేయడం ఎలాగని నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల నుంచి అడిగేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. వాళ్లలో ఫైన్ ఆర్ట్స్ చదివినవాళ్లున్నారు, ఐటీఐ ఫిట్టర్లున్నారు, ఆటోనగర్‌లో రోజూ వెల్డింగ్ రాడ్డు పట్టేవాళ్లూ ఉన్నారు. అందరి మొదటి ప్రశ్నా ఒకటే: మంట ఎలా పెట్టాలి?

మంట ఆఖరి పని. దాన్ని, దానితో పాటు మోటారును ఎలా ఆపుతారో తేల్చుకోవడం మొదటి పని. ఈ వరస తిరగబడిన బొమ్మలే షెడ్డులో మూలన పడి ఉంటాయి, లేదా ఎవరి చెయ్యో కాలుస్తాయి. అందుకే ఇక్కడ ప్రతి మెట్టూ ఆ క్రమంలోనే రాశాను.

అర్థం కావడానికి ఒకే ఉదాహరణ తీసుకుందాం. ఆరడుగుల ఎత్తున్న ఒంగోలు గిత్త. నెమ్మదిగా తల ఆడిస్తుంది, మూపురంలో మంట వెలుగుతుంది. ఒంగోలు జాతికి మూపురమే అందం కాబట్టి మంటకు అంతకన్నా మంచి చోటు లేదు. పైగా అది పైకి తెరుచుకుని ఉంటుంది, మనుషుల ముఖాలకు దూరంగా ఉంటుంది.

ట్యాంకులో గ్యాసు నింపి ఒక్కసారిగా ఆకాశానికి వదిలే పెద్ద మంటల జోలికి ఇందులో వెళ్లడం లేదు. అమెరికాలో ప్రేక్షకుల ముందు చేసే మంటల ప్రదర్శనలకు అక్కడి అగ్నిరక్షణ సంఘం రాసిన ఎన్‌ఎఫ్‌పీఏ 160 అనే ప్రమాణమే ఉంది. నెవాడా ఎడారిలో జరిగే కళల ఉత్సవం బర్నింగ్ మ్యాన్‌లో ఇలాంటి శిల్పాలను ప్రత్యేక బృందం తనిఖీ చేశాకే వెలిగించనిస్తారు. అది చేయి తిరిగినవాళ్ల పక్కన నిలబడి నేర్చుకోవాల్సిన పని, చదివి చేసేది కాదు.

## 1. కాగితం మీద ముందు ఆపడం రాయండి

బొమ్మ గీయడానికి ముందు ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు రాసుకోండి. జవాబు దొరకని ప్రశ్న ఒక్కటి మిగిలినా ఇనుము కొనకండి.

- మధ్యలో కరెంటు పోతే బొమ్మ ఏ స్థితిలో ఆగుతుంది? తల ధబీమని కిందికి పడుతుందా?
- తల ఎక్కడైనా ఇరుక్కుంటే ముందు తెగేది ఏది? మోటారు కాలాలా, పిన్ను తెగాలా?
- గాలి తిరిగితే మంటను ఎవరు ఆపుతారు, ఎక్కడ నిలబడి ఆపుతారు?
- ఆ మనిషి స్విచ్ దగ్గరికి పోవడానికి మంట పక్కనుంచి నడవాలా? నడవాల్సి వస్తే ఆ స్విచ్ చోటు తప్పు.

ఇక బొమ్మను పక్కనుంచి చూసినట్టు పదో వంతు కొలతలో గీయండి. ఆరడుగులు కాగితం మీద 18 సెంటీమీటర్లు అవుతుంది. మంట చోటు చుట్టూ రెండడుగులు, పైకి నాలుగడుగుల మేర ఎర్ర పెన్సిలుతో గీత గీయండి. ఆ ఎర్ర గీత లోపల బేరింగ్, వైరు, గ్రీజు, రబ్బరు, పెయింటు ఏవీ ఉండకూడదు. బొమ్మ అంతా ఈ గీతకు లోబడి సర్దుకోవాలి.

కదిలే భాగాలను అట్టముక్కలతో కత్తిరించి గుండుసూదులు గుచ్చి తిప్పి చూడండి. మెడ ఎక్కడ మూపురానికి తగులుతుందో, రాడ్డు ఎక్కడ అడ్డం తిరుగుతుందో అట్ట మీదే తెలిసిపోతుంది. ఇనుము మీద తెలిస్తే ఆ రోజు పనంతా కోసి పారేయాలి.

## 2. షెడ్డులో చోటు, షెడ్డు మర్యాద

ఉమ్మడి షెడ్డులో పక్కన ఎవరో చెక్కపని చేస్తుంటారు, ఇంకొకరు పెయింటు స్ప్రే కొడుతుంటారు. గ్రైండర్ నిప్పురవ్వలు పది మీటర్ల దాకా పోతాయి. రంపపు పొట్టు మీద పడిన రవ్వ అప్పటికప్పుడు మండదు. లోపల్లోపల రాజుకుని, అందరూ భోజనానికి వెళ్లాక లేస్తుంది. అందుకని వెల్డింగ్, కటింగ్ ముగిశాక ఒక మనిషి కనీసం గంటసేపు అక్కడే కాపలా ఉండాలి. ఇది ఎవరికీ నచ్చని నియమం. దీన్ని మాత్రం వదలకండి.

ఆటోనగర్ షెడ్లలో చాలావాటికి బండి కింద పని చేసుకునే గుంత ఉంటుంది. ఎల్‌పీజీ గాలికన్నా బరువు. లీకైన గ్యాసు పైకి పోదు, నేల మీద పాకి ఆ గుంతలోకి దిగి నిలుస్తుంది. గుంత ఉన్న షెడ్డు లోపల గ్యాసు పరీక్షలు వద్దు, సిలిండర్ నిల్వ అసలే వద్దు. సిలిండర్లు బయట, నీడలో, నిలబెట్టి, గొలుసు కట్టి ఉంచాలి. ఆక్సిజన్ సిలిండర్ వాల్వుకు నూనె చేతులు, గ్రీజు గుడ్డలు తగలనివ్వకండి. ఆక్సిజన్ ఒత్తిడి కింద నూనె దానంతటదే అంటుకోగలదు.

పని మొదలుపెట్టే ముందు:

- పక్కవాళ్లకు చెప్పాలి. రాడ్డు అంటించే ముందు "కళ్లు!" అని ఒక కేక వేయాలి.
- వెల్డింగ్ చుట్టూ రేకు తెర ఉండాలి.
- మంటలార్పే ఏబీసీ పౌడర్ సిలిండర్ ఒకటి, రెండు బకెట్ల పొడి ఇసుక చేతికందాలి. ఇసుక బకెట్లో సిగరెట్ పీకలు, చెత్త లేవని చూసుకోవాలి.
- ఒంటి మీద నూలు బట్టలు. పాలిస్టర్ చర్మానికి కరిగి అంటుకుంటుంది. చున్నీ, లుంగీ, వేలాడే తాడు, చేతికి దారాలు వద్దు.
- గ్రైండర్ గార్డు దాని చోట్లో ఉండాలి.

ఆఖరిదానిపై ఒక మాట. మన దగ్గర గ్రైండర్ కొన్న రోజే గార్డు ఊడదీస్తారు. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంది. పద్నాలుగు అంగుళాల కటింగ్ మెషిన్ వీల్ అయితే దాదాపు 4,400 చుట్లకే తయారైనది. వీల్ మీద రాసిన వేగం మెషిన్ వేగం కన్నా తక్కువైతే అది ముక్కలై పేలుతుంది. వీల్ మీద గడువు తేదీ కూడా ఉంటుంది, చూసి వాడండి.

## 3. తుక్కు ఏరుకోవడం

మన రెండు జిల్లాల్లో తుక్కు బంగారం లాంటిది. నెల్లూరు వైపు రొయ్యల చెరువుల్లో నీళ్లను చిలికే ఏరేటర్ల గేర్‌బాక్సులు, తెడ్డు చక్రాలు దొరుకుతాయి. రైస్ మిల్లుల నుంచి ఎలివేటర్ బకెట్లు, బ్లోయర్ ఫ్యాన్లు వస్తాయి. ప్రకాశం వైపు పొగాకు బ్యారన్ల నుంచి తీసేసిన రేకు గొట్టాలు, చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల నుంచి అరిగిన కోత బ్లేడ్లు వస్తాయి. గిత్త పక్కటెముకలకు పాత లారీ కమాన్ పట్టీలు పెట్టి చూడండి, వంపు తయారుగా ఉంటుంది. కాకపోతే కమాన్ పట్టీ గట్టి స్టీలు. మామూలు రాడ్డుతో నేరుగా వెల్డింగ్ చేస్తే పక్కన పగులు వస్తుంది. బెజ్జాలు పడినచోట బోల్టు బిగించుకోవడం మేలు.

ఇవి మాత్రం తేవద్దు:

- పెట్రోలు, డీజిలు, ఆయిలు, పురుగుమందు ఉంచిన మూసిన డ్రమ్ములు. ఖాళీగా కనిపించే డ్రమ్ములో మిగిలిన ఆవిరే కోసేటప్పుడు పేలుతుంది. కడిగానని ఎవరైనా చెప్పినా నమ్మకండి.
- పాత గ్యాసు సిలిండర్లు, ఫ్రిజ్ కంప్రెసర్లు, షాక్ అబ్జార్బర్లు. లోపల ఒత్తిడి మిగిలి ఉంటుంది.
- ఆస్బెస్టాస్ రేకు ముక్కలు. వేడి ఆపడానికి అడ్డం పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు ఊరికొకరు ఉంటారు. దాన్ని కోస్తే లేచే పొడి ఊపిరితిత్తులకు విషం.
- రైలు పట్టా ముక్కలు, ట్రాన్స్‌ఫార్మర్ భాగాలు, కరెంటు స్తంభాల సామాను. దొంగసొత్తు అయ్యే అవకాశం ఎక్కువ. ఏది కొన్నా తూకంతో పాటు బిల్లు అడగండి.

జీఐ పైపు, జీఐ రేకు విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. వాటి మీద ఉండే తెల్లటి పూత జింకు. జింకు 907 డిగ్రీల దగ్గర మరుగుతుంది, వెల్డింగ్ వేడి అంతకు చాలా ఎక్కువ. ఆ తెల్లటి పొగ పీల్చినవాళ్లకు సాయంత్రానికి చలిజ్వరం పట్టుకుంటుంది. మంట దగ్గరి భాగాలకు జీఐ అసలు వాడకండి. మిగతాచోట్ల అతుకుకు రెండు పక్కలా పూత గీకేసి, బయట గాలిలో పని చేయండి. తుక్కుకు పట్టిన ఆయిలు వదిలించడానికి బ్రేక్ క్లీనర్ స్ప్రే కొట్టి వెంటనే రాడ్డు అంటించడం కూడా ప్రమాదమే. కొన్ని స్ప్రేలలోని క్లోరిన్ రసాయనాలు ఆర్క్ వేడికి విషవాయువుగా మారతాయి. సర్ఫు నీళ్లు, ఇనుప బ్రష్షు చాలు.

## 4. పీఠం, అస్థిపంజరం

పీఠం 75 బై 40 మిల్లీమీటర్ల ఇనుప ఛానల్‌తో, నాలుగడుగులకు ఐదడుగులు. నేల మీద మట్టం చూసి, రెండు కర్ణాలు కొలిచి, సమానం వచ్చాకే టాకులు (చిన్న వెల్డింగ్ చుక్కలు) పెట్టండి. అన్ని మూలలా టాకులు పడ్డాక మళ్లీ కర్ణాలు కొలవాలి. ఒక మూలను పూర్తిగా వెల్డింగ్ చేసి రెండో మూలకు పోతే ఛానల్ లాగేసి పీఠం మెలి తిరుగుతుంది. ఎదురెదురు మూలలు మార్చుకుంటూ కొంచెం కొంచెం నింపండి.

కాళ్లు, వెన్ను యాంగ్లర్లతో గానీ రెండంగుళాల పైపుతో గానీ చేయండి. పైపు రెండు చివరలూ మూసేటప్పుడు ఎక్కడో ఒకచోట ఆరు మిల్లీమీటర్ల బెజ్జం వదలాలి. మూసిన పైపులో గాలి వేడెక్కితే బయటికి పోయే దారి ఉండాలి.

నిలబెట్టాక ఒక మనిషిని వెన్ను ఎత్తులో గట్టిగా తోయమనండి. పీఠం ఏ మూలన లేచినా వెడల్పు పెంచాలి లేదా అడుగున బరువు వేయాలి. తల, మూపురం ఇంకా ఎక్కలేదని గుర్తుంచుకోండి. అవి ఎక్కాక బరువంతా పైకి చేరుతుంది.

## 5. కదలిక

ఎక్కువమంది తడబడేది ఇక్కడే, అందుకే వివరంగా చెప్తాను.

మొదటి బొమ్మకు కారు వైపర్ మోటారు చాలు. 12 వోల్టుల బ్యాటరీతో నడుస్తుంది కాబట్టి మంట దగ్గరికి 230 వోల్టుల వైరు రాదు, ఊళ్లో కరెంటు పోయినా మీ చేతిలో ఉంటుంది. లోపల వార్మ్ గేరు ఉండటం వల్ల కరెంటు తీసేస్తే ఉన్నచోటే ఆగిపోతుంది, తల జారదు. తక్కువ వేగంలో నిమిషానికి సుమారు 45 చుట్లు తిరుగుతుంది. ఆ తిప్పుడు చైన్ మీదుగా క్రాంకుకు, అంటే షాఫ్టుకు అడ్డంగా ఉండే చిన్న చేతికి అందుతుంది. దాని కొసకు తగిలించిన కనెక్టింగ్ రాడ్డు మెడను ఊపుతుంది. మోటారుకు 14 పళ్ల స్ప్రాకెట్ (చైన్ పడే పళ్ల చక్రం), క్రాంకు షాఫ్టుకు 42 పళ్ల స్ప్రాకెట్ వేస్తే వేగం మూడో వంతుకు పడి 15 అవుతుంది. నిమిషానికి పదిహేనుసార్లు తల ఊపే గిత్త చూడటానికి బాగుంటుంది. ముప్పై దాటితే బొమ్మ వణికినట్టుంటుంది.

పెద్ద తల పెట్టాలనుకుంటే ఏరేటర్ గేర్‌బాక్స్ వాడుకోవచ్చు. 1,440 చుట్ల మోటారు వేగాన్ని అది సుమారు వందకు దించుతుంది. ఆ తర్వాత మూడో వంతు చొప్పున రెండు చైన్లు వేస్తే 11 వస్తుంది. అయితే అప్పుడు త్రీఫేజు, స్టార్టరు, ఎర్తింగు అన్నీ వస్తాయి. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ లేకుండా ఆ దారి వద్దు.

క్రాంకు లెక్క సులభం. క్రాంకు పొడవు 6 సెంటీమీటర్లు, మెడ ఇరుసు నుంచి రాడ్డు తగిలే చోటు 40 సెంటీమీటర్లు అనుకోండి. మెడ అటు ఎనిమిదిన్నర, ఇటు ఎనిమిదిన్నర డిగ్రీలు ఊగుతుంది. ఇరుసు నుంచి 90 సెంటీమీటర్ల దూరంలో ఉన్న మూతి 27 సెంటీమీటర్లు కదులుతుంది. ఇంకా ఎక్కువ కావాలంటే క్రాంకు పెంచకండి, రాడ్డు తగిలే చోటును ఇరుసు వైపు జరపండి. ఒకే ప్లేటుకు 30, 35, 40 దగ్గర మూడు బెజ్జాలు వేసిపెట్టుకుంటే తర్వాత మార్చుకోవడం తేలిక.

మెడ ఇరుసుకు 25 మిల్లీమీటర్ల షాఫ్టు, రెండు పక్కలా యూసీపీ 205 బేరింగులు. షాఫ్టు లేత్ మీద తిప్పించండి. తుక్కులో దొరికిన రాడ్డు నిటారుగా కనిపిస్తుంది గానీ ఉండదు.

అన్నిటికన్నా ముఖ్యం తూకం. తల బరువును మోటారు ఎత్తకూడదు. మెడ వెనక్కి ఒక పట్టీ పొడిగించి, పాత బ్రేక్ డ్రమ్ము ముక్కో జిమ్ బరువో బోల్టుతో కట్టండి. చైన్ తీసేసి చూస్తే తల ఎక్కడ వదిలితే అక్కడే ఆగాలి, రెండు వేళ్లతో కదలాలి. అలా కుదిరే దాకా బరువును ముందుకూ వెనక్కీ జరపండి. ఒక పూట పోయినా పర్లేదు. తూకం కుదరని బొమ్మకు ఎంత పెద్ద మోటారు పెట్టినా గేరు పళ్లు రాలతాయి.

క్రాంకును షాఫ్టుకు వెల్డింగ్ చేయకండి. నాలుగు మిల్లీమీటర్ల మెత్తటి అల్యూమినియం పిన్నుతో కట్టండి. తలకు ఎవరైనా చేయి అడ్డం పెట్టినా, ఏదైనా ఇరుక్కున్నా ఆ పిన్ను తెగి మోటారు ఖాళీగా తిరుగుతుంది. జేబులో పది పిన్నులు ఉంచుకోండి.

ఇంకో తప్పు చాలా షెడ్లలో చూస్తాం. బేరింగులు బిగించాక ఎక్కడో ఒక అతుకు మిగిలిపోతుంది. ఎర్త్ క్లాంపు పీఠానికి తగిలించి, తల మీద రాడ్డు అంటిస్తారు. ఆ కరెంటంతా బేరింగు గుండ్ల గుండా పోతుంది. గుండ్ల మీద మచ్చలు పడి, వారానికే గరగర మొదలవుతుంది. క్లాంపు ఎప్పుడూ వెల్డింగ్ చేస్తున్న ముక్కకే, అతుకు పక్కనే తగిలించాలి.

## 6. మూపురం: కట్టెల మంట

మొదటి బొమ్మకు గ్యాసు వద్దు, కట్టెలు చాలు. కట్టెల మంటకు ప్రాణం ఉంటుంది, రాత్రిపూట ఎర్రగా కణకణలాడే నిప్పుల అందం గ్యాసు మంటకు రాదు. ఇది నా అభిప్రాయం, గ్యాసు మంటే ఇష్టపడేవాళ్లు చాలామందే ఉన్నారు.

పన్నెండు మిల్లీమీటర్ల కమ్మీలతో మూపురం ఆకారంలో బుట్ట అల్లండి, కమ్మీకీ కమ్మీకీ ఒకటిన్నర అంగుళం మించకుండా. అడుగున బూడిద పళ్లెం, దానికీ బుట్టకూ మధ్య నాలుగు అంగుళాల ఖాళీ ఉండాలి. గాలి కిందినుంచి అందితేనే పొగ తగ్గుతుంది. పైన రవ్వలు ఆపే సన్న జాలీ వేయండి.

బుట్టను ఒంటికి వెల్డింగ్ చేయకూడదు. మీటరు పొడవు మైల్డ్ స్టీలు 500 డిగ్రీలు వేడెక్కితే ఆరు మిల్లీమీటర్లు సాగుతుంది, స్టెయిన్‌లెస్ అయితే ఎనిమిది తొమ్మిది. రెండు చివరలూ బిగుసుకుని ఉంటే ఆ సాగుడు అతుకునైనా తెంపుతుంది, ఒంటినైనా వంచుతుంది. మూడు కాళ్ల మీద నిలబెట్టి, ఒక కాలికి గుండ్రటి బెజ్జం, మిగతా రెండింటికి పొడవాటి బెజ్జాలు వేసి, వాటి బోల్టులు వదులుగా ఉంచండి. అలా చేస్తే బుట్ట సాగుతుంది, చల్లారాక తన చోటికి వస్తుంది.

పళ్లెం కింద వేడి ఆపడానికి రెండు రేకులు, మధ్య అంగుళం ఖాళీ. ఆ ఖాళీలో తిరిగే గాలే అసలైన అడ్డు. 550, 600 డిగ్రీల దగ్గర మైల్డ్ స్టీలు బలం దాదాపు సగానికి పడిపోతుంది కాబట్టి బరువు మోసే వెన్ను ఆ రేకులకు కింద ఉండాలి. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, మూపురం దరిదాపుల్లో దాని సామాను వద్దు.

కట్టెలు: బాగా ఎండిన సరుగుడు లేదా తుమ్మ, చేతిమణికట్టు లావు, అడుగు పొడవు. సర్కారు తుమ్మ బొగ్గు కొంచెం అడుగున వేస్తే నిలకడగా కాలుతుంది. పచ్చి కట్టె చిటపటమని రవ్వలు చిమ్ముతుంది. ప్లైవుడ్, పెయింటు వేసిన చెక్క వద్దు. అంటించడానికి ఎండిన కొబ్బరి పీచు, కర్పూరం చాలు. పెట్రోలు, కిరోసిన్, డీజిలు ఒక్క చుక్క కూడా వద్దు, మంట తగ్గిందని మధ్యలో అసలే వద్దు.

బొమ్మ కింద గ్రానైట్ పలక పరవడం మన దగ్గర సహజంగా తోచే ఆలోచన. చీమకుర్తిలో పలకను గరుకుగా చేయడానికి దాని మీద మంట తిప్పుతారు, వేడికి పైపొర చిట్లి లేస్తుంది. మీ బొమ్మ కింద కూడా అదే జరుగుతుంది. సిమెంటు నేల కూడా చిట్లుతుంది. ఇటుకలు పేర్చి, మీద రేకు వేసి, రెండంగుళాల పొడి ఇసుక పోయండి.

## 7. గ్యాసు మంట కావాలంటే

రెండో బొమ్మ నుంచి చూడండి. ఇంట్లో వాడే 14.2 కిలోల సిలిండర్ వంటకు మాత్రమే, దాన్ని దీనికి వాడటం చట్టరీత్యా తప్పు. 19 కిలోల కమర్షియల్ సిలిండర్ తీసుకోండి.

బర్నర్ సొంతంగా బెజ్జాలు వేసి చేయకండి. హోటళ్లకు అమ్మే తయారు బర్నర్ కొని, దాని చుట్టూ శిల్పం అల్లండి. ఐఎస్ఐ గుర్తున్న గ్యాసు గొట్టం, దానికి తగిన రెగ్యులేటర్ వాడాలి. నీళ్ల పైపు వాల్వు గ్యాసుకు పనికిరాదు.

- సిలిండర్ నిలబడే ఉండాలి. పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవం వస్తుంది.
- మంటకు కనీసం మూడు మీటర్ల దూరంలో, గాలి వచ్చే వైపు ఉండాలి.
- ఆపరేటర్ చేతికందేలా పావు చుట్టుతో మూసుకునే గ్యాసు వాల్వు ఉండాలి.
- దాని తర్వాత కరెంటుతో పనిచేసే సోలెనాయిడ్ వాల్వు. కరెంటు ఉన్నప్పుడే తెరుచుకుని, పోగానే మూసుకునే రకమే కొనాలి.
- ప్రతి అతుకుకూ సర్ఫు నీళ్ల పరీక్ష చేయాలి. అగ్గిపుల్లతో కాదు.
- ముందు చిన్న పైలట్ మంట, అది నిలబడ్డాకే పెద్ద మంట.

మంట ఆరిపోతే వెంటనే వెలిగించకండి. వాల్వు మూసి, ఐదు నిమిషాలు ఆగి, నేల దగ్గర వాసన లేదని చూసుకుని మొదలుపెట్టండి. అతుకు దగ్గర గ్యాసు అంటుకుంటే ముందు వాల్వు మూయాలి. గ్యాసు వస్తుండగా మంటను మాత్రమే ఆర్పేస్తే మండని గ్యాసు పోగుపడి తర్వాత ఒక్కసారిగా అంటుకుంటుంది.

సిలిండర్ బయట మంచు పట్టి మంట తగ్గుతుంటే మీరు అది ఇవ్వగలిగిన దానికన్నా ఎక్కువ గ్యాసు లాగుతున్నారని అర్థం. వేడినీళ్లు పోయకండి. మంట తగ్గించండి.

## 8. వైర్లు, ఎర్ర బటన్

మామూలు పీవీసీ వైరు 70 డిగ్రీలకే తయారైనది. వైర్లన్నీ కాళ్ల లోపలినుంచి, ఇనుప గొట్టంలో పోవాలి. ఎర్ర గీతకు దగ్గరైన చోట ఫైబర్‌గ్లాస్ స్లీవ్ తొడగాలి. బ్యాటరీ ప్లస్‌కు జానెడు దూరంలోనే 15 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి.

పుట్టగొడుగు ఆకారపు ఎర్ర ఎమర్జెన్సీ బటన్ ఒకటి బొమ్మకు నాలుగు మీటర్ల దూరంలో, విడి స్తంభానికి పెట్టండి. దాన్ని నొక్కితే మోటారూ, సోలెనాయిడూ రెండూ పోవాలి. రెండింటికీ రెండు బటన్లు పెడితే కంగారులో తప్పు బటన్ నొక్కుతారు.

## 9. పరీక్షలు, ఇదే వరసలో

1. చేత్తో క్రాంకు తిప్పి చూడటం, కరెంటు లేకుండా. పూర్తి చుట్టు ఎక్కడా బిగియకూడదు.
2. మోటారు ఒక్కటే, మంట లేకుండా, గంటసేపు. ఆపి బోల్టులన్నీ బిగించండి. ప్రతి నట్టు మీద పెయింటు గీత గీస్తే వదులైంది ఏదో చూడగానే తెలుస్తుంది.
3. నడుస్తుండగా ఎర్ర బటన్ నొక్కడం. ప్రతి సభ్యుడూ ఒకసారి నొక్కాలి.
4. మంట ఒక్కటే, మోటారు లేకుండా, అరగంట. టెంపరేచర్ గన్‌తో ప్రతి ఐదు నిమిషాలకు బేరింగులు చూడండి. 80 డిగ్రీలు దాటితే ఆపి, అడ్డు రేకు పెంచాలి.
5. రెండూ కలిపి, పగటిపూట. పగలు మంట సరిగ్గా కనిపించదు, పొగా వేడీ ఎటు పోతున్నాయో మాత్రం కనిపిస్తాయి.
6. రెండూ కలిపి, చీకట్లో.

తేదీ దగ్గరపడిందని నాలుగోది వదిలేసి ఐదుకు పోవాలనిపిస్తుంది. బేరింగు గ్రీజు కారి బుట్ట కింద బొట్లు పడటం కనిపించేది నాలుగో పరీక్షలోనే. దాన్ని దాటేస్తే అదే మరక జనం ముందు అంటుకుంటుంది.

## 10. చోటు, గాలి, అనుమతి

మన తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, తుఫాన్లు. ఏప్రిల్, మే నెలల్లో పడమటి వడగాలి, చుట్టూ ఎండుగడ్డి. నెల్లూరు వైపు కోతలయ్యాక గడ్డివాములు కూడా ఉంటాయి. జనవరి, ఫిబ్రవరి అన్నిటికన్నా అనువైన నెలలు. మధ్యాహ్నం మొదలైన సముద్రపు గాలి తగ్గాక, చీకటి పడ్డాక వెలిగించండి.

మైపాడు, కొత్తపట్నం బీచ్‌లో పెడదామని చాలామంది అడుగుతారు. గాలి నిలకడ ఉండదు, పైగా తీరంలో ఏం చేయొచ్చో ఏం చేయకూడదో చెప్పే సీఆర్‌జెడ్ నిబంధనలు ఉన్నాయి. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వచ్చేది కూడా సరిగ్గా ఆ నెలల్లోనే. వెలుతురు వాటిని దారి తప్పిస్తుంది. కాలేజీ గ్రౌండ్, మార్కెట్ యార్డు ఖాళీ స్థలం ఎంతో మేలు.

కర్రకు ఒక గుడ్డ పీలిక కట్టి గాలి చూసుకోండి. నేల మీది దుమ్ము, కాగితాలు లేస్తున్నాయంటే గాలి గంటకు 20 కిలోమీటర్లు దాటినట్టే. ఆ రోజు మోటారు మాత్రం నడపండి, మంట వద్దు.

స్థలం యజమాని రాతపూర్వక అనుమతి, పోలీస్ స్టేషన్‌లో సమాచారం, అగ్నిమాపక కేంద్రంలో దరఖాస్తు, పంచాయతీ లేదా మున్సిపాలిటీ అనుమతి అన్నీ ముందుగానే చూసుకోండి. దరఖాస్తుతో పాటు మీ ఎర్ర గీత బొమ్మ, ఆపే పద్ధతి రాసిన కాగితం ఇవ్వండి. మొదటి మెట్టులో రాసుకున్నది ఇక్కడ పనికొస్తుంది. అధికారులు అడిగేవీ అవే ప్రశ్నలు.

తాడు ఎంత దూరంలో కట్టాలి? బొమ్మ ఎత్తు, దానిపై మంట ఎత్తు కలిపి రెండింతలు. ఆరడుగుల గిత్త, మూడడుగుల మంట అయితే పద్దెనిమిది అడుగులు. పిల్లలు ఎక్కువగా వచ్చే చోట ఇంకా పెంచండి.

మనుషులు ముగ్గురు, తక్కువైతే వెలిగించకండి. ఒకరు స్విచ్ దగ్గర, ఒకరు ఆర్పే సిలిండర్ పట్టుకుని, ఒకరు మంటకు వీపు పెట్టి జనాన్ని చూస్తూ. స్విచ్ దగ్గరున్న మనిషి ఫోన్ ఇంకొకరి జేబులో ఉండాలి. వీడియో తీయడం వాళ్ల పని కాదు.

ఫైర్ 101, అంబులెన్స్ 108. చేయి కాలితే ఇరవై నిమిషాలు కుళాయి నీళ్ల కింద పెట్టాలి. టూత్‌పేస్టు, సిరా, పసుపు, ఐసు రాయకూడదు. బొబ్బ చిదమకూడదు.

## 11. తరచూ వచ్చే తంటాలు

తల ఒకవైపు వేగంగా, ఇంకోవైపు నెమ్మదిగా కదులుతోంది. తూకం తప్పింది, లేదా కనెక్టింగ్ రాడ్డు పొట్టిగా ఉంది. రాడ్డు క్రాంకుకు నాలుగైదు రెట్లు పొడవు ఉండాలి.

చైన్ ఊడిపోతోంది. స్ప్రాకెట్లు ఒకే గీతలో లేవు. నిటారైన ఫ్లాట్ పట్టీని రెండింటికీ ఆనించి చూడండి. స్ప్రాకెట్ మధ్య బెజ్జం వంకరగా ఉంటే లేత్‌కు పంపాలి, వాషర్లతో సర్దుబాటు చేయొద్దు.

పిన్ను పదే పదే తెగుతోంది. లావు పిన్ను వేయకండి. ఎక్కడ బిగుస్తోందో వెతకండి. తరచుగా అది వేడికి సాగిన రేకు మెడకు తగలడమే.

పొగ ఎక్కువ. కట్టె తడి, లేదా బూడిద నిండి గాలి అందడం లేదు.

బుట్ట కమ్మీలు వంగిపోయాయి. మామూలే, అవి అరిగే సామాను. బుట్టను విడిగా చేసింది అందుకే, కొత్తది అల్లి పెట్టండి.

తుప్పు. తీరానికి దగ్గరైతే నెల తిరక్కుండానే పడుతుంది. ఒంటికి రెడాక్సైడ్ మీద పెయింటు వేయండి. ఎర్ర గీత బయట వేడెక్కే భాగాలకు సైలెన్సర్లకు వేసే అల్యూమినియం పెయింటు. బుట్టకు ఏమీ వద్దు, చల్లారాక నూనె గుడ్డతో తుడవండి. మళ్లీ వెలిగించే ముందు ఆ నూనె పూర్తిగా తుడిచేయాలి.

ప్రదర్శన అయ్యాక బొమ్మను ఆ రాత్రే లారీ ఎక్కించకండి. బూడిద కింద నిప్పు మర్నాటి దాకా బతికే ఉంటుంది. పళ్లెం నీళ్లలో ముంచి, కలిపి, చేత్తో తాకి చల్లబడిందని చూశాకే ఇనుప డబ్బాలో పోసి మూత పెట్టండి. బ్యాటరీ తీగ విప్పండి, గ్యాసు ఉంటే సిలిండర్ వాల్వు మూసి గొట్టంలో మిగిలింది వదిలేయండి. ఏ బోల్టు వదులైందో, ఏ పిన్ను తెగిందో, బేరింగు ఎంత వేడెక్కిందో షెడ్డు పుస్తకంలో ఆ రాత్రే రాయండి. తర్వాత ఆ బల్ల దగ్గర పని చేసేవాళ్లు అది చూసే మొదలుపెడతారు.